ఏనుగుకు కన్నీళ్లు, అడవిపందికి నాటుబాంబు

2020 మే నెలాఖరు. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉంది. కేరళలోని పాలక్కాడ్ జిల్లా మన్నార్కాడ్ ప్రాంతంలో ఒక ఆడ ఏనుగు వెల్లియార్ నదిలోకి దిగి, నోరూ తొండమూ నీళ్లలో ముంచి కదలకుండా నిలబడిపోయింది. పేలుడు మందు కూరిన కాయను కొరకడంతో దాని దవడ ఛిద్రమైంది. అటవీ సిబ్బంది శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తీసుకొచ్చి ఒడ్డుకు చేర్చాలని చూశారు. వీలు కాలేదు. మే 27న అది నిలబడిన చోటే, నీళ్లలోనే ప్రాణం వదిలింది. పోస్టుమార్టం చేశాక అది కడుపుతో ఉందని తెలిసింది.

కొద్ది రోజుల్లోనే ఆ ఫొటో దేశం నలుమూలలా తిరిగింది. సినిమా తారలు, క్రికెటర్లు, కేంద్ర మంత్రులు స్పందించారు. ఇది మనుషుల్ని పథకం వేసి హత్య చేయడం కన్నా తక్కువ నేరమేమీ కాదని రతన్ టాటా అన్నారు. తల్లి ఏనుగునూ కడుపులోని గున్ననూ బొమ్మలు గీసి పంచుకున్నవాళ్లకు లెక్కే లేదు.

ఆ కాయ ఏనుగు కోసం పెట్టింది కాదు. పంటల మీద పడే అడవిపందుల కోసం పెట్టిందని దర్యాప్తులో తేలింది. అంటే అది పెట్టిన ఉద్దేశం ప్రకారమే పనిచేసి ఉంటే, ఏదో ఒక పంది దవడ అలాగే పేలిపోయేది. ఆకలితో, నొప్పితో అదీ రోజుల తరబడి తిరిగి ఎక్కడో పొదల్లో చచ్చిపోయేది. దాని కడుపులోనూ పిల్లలు ఉండి ఉండవచ్చు. దాని ఫొటో ఎవరూ తీయరు. తెలుగు రాష్ట్రాల అటవీ గ్రామాల్లోనూ పందుల కోసం కరెంటు తీగలు, నాటుబాంబులు పెట్టడం, వాటికి పులులూ పశువులూ కొన్నిసార్లు మనుషులూ బలికావడం పత్రికల్లో తరచూ కనిపించే వార్తే. కండ్ల ముందే మొక్కజొన్న చేను నాశనమైపోతుంటే రైతు పడే బాధ చిన్నది కాదు. అది వేరే వ్యాసమంత పెద్ద విషయం. ఇక్కడ అడగాల్సింది చేను గట్టున ఉన్న రైతును కాదు, దూరాన ఫోనులో ఫొటో చూసి ఏడ్చిన మనల్ని. ఒకే కాయ, ఒకే మందు, ఒకే నొప్పి. ఒక జంతువుకు కన్నీళ్లు, ఇంకో జంతువు ఊసే లేదు. ఎందుకు?

మనకు జంతువుల మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నదే అంతుపట్టదు. వీధికుక్కకు రోజూ అన్నం పెట్టే ఇంట్లోనే ఆదివారం కోడి తెగుతుంది. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసిన చెయ్యే, పాము ఇంట్లోకొస్తే కర్ర అందుకుంటుంది. ఆవును తల్లిగా కొలిచే ఊళ్లోంచే వట్టిపోయిన గేదె సంతకు పోతుంది. ఇలా చేసేవాళ్లంతా కపటులు అనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. వాళ్ల జాలీ నిజమే, ఆ పనీ నిజమే. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇముడుతున్నాయన్నది మనస్తత్వవేత్తలు గట్టిగా పట్టించుకున్న ప్రశ్న.

దీనికి పునాది వేసినవాడు అమెరికాకు చెందిన లియాన్ ఫెస్టింగర్. 1957లో ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతానికి కాగ్నిటివ్ డిసోనెన్స్ అని పేరు. నమ్మేది ఒకటీ చేసేది మరొకటీ అయినప్పుడు మనసు స్థిమితంగా ఉండలేదు, ఆ రెంటినీ ఎలాగోలా కలుపుకోవాలని చూస్తుందన్నది దాని సారం. అలవాటైన పనిని మార్చుకోవడం కష్టం. కాబట్టి ఎక్కువసార్లు నమ్మకమే పనికి తగ్గట్టు సర్దుకుంటుంది. 1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ కలిసి స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల చేత గంటసేపు పరమ విసుగు పుట్టించే పని చేయించారు. బయటికి వెళ్లి, తర్వాత వచ్చేవారికి ఆ పని భలే సరదాగా ఉంటుందని చెప్పమన్నారు. ఆ మాట చెప్పినందుకు కొందరికి 20 డాలర్లు, కొందరికి 1 డాలరు ఇచ్చారు. చివర్లో ఆ పని నిజంగా ఎలా అనిపించిందని అడిగితే, బాగుందని ఎక్కువగా అన్నది ఒక్క డాలరు తీసుకున్నవాళ్లు. 20 డాలర్లు పుచ్చుకున్నవాడికి తను అబద్ధం ఎందుకాడాడో తెలుసు. ఒక్క డాలరువాడి దగ్గర ఆ జవాబు లేదు. అందుకని తను చెప్పింది అబద్ధం కాదని తనే నమ్మడం మొదలుపెట్టాడు.

ఈ సూత్రాన్ని భోజనం పళ్లెం దాకా తీసుకొచ్చినవాళ్లు స్టీవ్ లాఫ్నన్, నిక్ హాస్లమ్, బ్రాక్ బాస్టియన్. 2010లో వాళ్లు అచ్చువేసిన ప్రయోగం చాలా మామూలుది. వచ్చినవాళ్లలో కొందరికి ఎండబెట్టిన గొడ్డుమాంసం, కొందరికి నట్స్ తినడానికి ఇచ్చారు. తర్వాత కొన్ని ప్రశ్నలు అడిగారు. ఏయే జంతువుల బాగోగులు మనిషి పట్టించుకోవాలి? ఆవుకు బాధ తెలుస్తుందా? దాని పట్ల మనకు బాధ్యత ఉందా? నట్స్ తిన్నవాళ్లతో పోలిస్తే మాంసం తిన్నవాళ్లు జంతువుల పట్ల మనిషి బాధ్యతను తగ్గించి చెప్పారు. ఆవు విలువనూ తగ్గించారు. రెండు గుంపుల్లోనూ ఉన్నది అలాంటి మనుషులే. తేడా అల్లా ఆ కాసేపటి కిందట నోట్లో పడినదే.

రెండేళ్ల తర్వాత బాస్టియన్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. మాంసాహారులకు ఆవు, గొర్రె ఫొటోలు చూపించి, ఒక జంతువును మేత కోసం వేరే బీడుకు తోలుకుపోతారని, రెండో దాన్ని కబేళాకు తీసుకెళ్తారని చెప్పారు. కబేళాకు వెళ్లే జంతువుకు తెలివీ భావాలూ తక్కువని వాళ్లు లెక్కకట్టారు. కాసేపట్లో తమకు మాంసం వడ్డిస్తారని తెలిసినప్పుడు కూడా అదే జరిగింది. వడ్డన ఇంకా మొదలే కాలేదు, మనసు మాత్రం ముందే సిద్ధమైపోయింది.

వీటన్నిటిలోకీ ఎక్కువగా ఆలోచింపజేసేది చెట్టు కంగారూ మీద జరిగిన పరిశోధన. బ్రటనోవా, లాఫ్నన్, బాస్టియన్ 2011లో దీన్ని ప్రచురించారు. పాపువా న్యూ గినీలో ఉండే, పాల్గొన్నవాళ్లలో చాలామందికి తెలియని ఈ జంతువును పరిచయం చేస్తూ, కొందరికి అక్కడివాళ్లు దాన్ని తింటారని చెప్పారు. కొందరికి ఆ సంగతి చెప్పలేదు. తింటారని విన్నవాళ్లు ఆ జంతువుకు నొప్పి తెలిసే శక్తి తక్కువని అభిప్రాయపడ్డారు. దాన్ని మనుషులు వేటాడి చంపుతారా, దానంతటదే చచ్చాక తెచ్చుకుంటారా అన్నది చెప్పినా ఫలితంలో తేడా రాలేదు. తిండి అనే అరలో పడిందంటే చాలు, దాని బాధ మన లెక్కలోంచి తగ్గిపోయింది. ఆ జంతువును వాళ్లు తినలేదు, తినబోయేదీ లేదు. అయినా అంతే.

పుట్టుకతో ఇది వచ్చినట్టు లేదు. 2021లో విల్క్స్, కావియోలా, పాల్ బ్లూమ్ తదితరులు ప్రచురించిన అధ్యయనంలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలకు ఒక సమస్య ఇచ్చారు. మునిగిపోతున్న రెండు పడవల్లో ఒకదాంట్లో మనుషులు, ఒకదాంట్లో జంతువులు ఉంటే ఎవరిని కాపాడతారు? పెద్దవాళ్లు దాదాపుగా మనిషి వైపే మొగ్గారు. పిల్లల్లో ఆ మొగ్గు చాలా తక్కువ. ఒక మనిషా, వంద కుక్కలా అంటే ఎక్కువమంది పిల్లలు కుక్కల్నే ఎంచుకున్నారు. పిల్లల జవాబే సరైనదని దీని అర్థం కాదు. ఏ జంతువు ఏ అరలోకి చెందుతుందో మనం వాళ్లకు నేర్పుతామన్నది మాత్రం ఇందులోంచి స్పష్టంగా కనిపిస్తుంది. పెంచుకున్న మేకపిల్లను పండగకు కోస్తారని తెలిసి అన్నం మానేసిన పిల్లలు మన పల్లెల్లో తరతరాలుగా ఉన్నారు. ఆ పిల్లలే పెద్దయ్యాక మేకను కోయిస్తారు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అది ఇంట్లోనే, పండగ పనుల హడావిడిలోనే జరిగిపోతుంది.

పాశ్చాత్య పరిశోధకులు చెప్పే ఇంకో వివరణ ఇక్కడ పూర్తిగా సరిపోదు. ఓస్లో విశ్వవిద్యాలయానికి చెందిన జోనాస్ కున్స్ట్, సిగ్రిడ్ హోలె 2016లో నార్వేవాళ్లకు కాల్చిన పందిని తలతో ఒకసారి, తల తీసేసి ఒకసారి చూపించారు. తల కనిపించినప్పుడు వాళ్లలో జాలి, వెగటు పెరిగాయి, తినాలన్న కోరిక తగ్గింది. మాంసం వెనకాల జంతువు కనిపించకపోతేనే ముద్ద దిగుతుందని వాళ్ల నిర్ధారణ. తర్వాత కున్స్ట్ ఇదే పద్ధతిని అమెరికాలోనూ ఈక్వడార్‌లోనూ పోల్చి చూస్తే, ఈక్వడార్‌లో ఆ ప్రభావం తక్కువగా కనిపించింది. అక్కడి బజార్లలో జంతువు తలతో సహా వేలాడుతూ ఉంటుంది, జనానికి అది అలవాటే.

తెలుగువాళ్లూ ఈ విషయంలో ఈక్వడార్ వైపే. 2014లో కేంద్రం చేసిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 99 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతానికి పైగా మాంసాహారులు. ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు నిలబడ్డవాళ్లకు యాట వేలాడుతూనే కనిపిస్తుంది. తలకాయ కూర, కాళ్ల పులుసు, బోటీ అడిగి మరీ కొట్టించుకుంటారు. జంతువును చూడకుండా దాచుకోవడం మన పద్ధతి కాదు. మరి ఈ మనసు తన పేచీని ఎలా తీర్చుకుంటుంది?

ఒక దారి మొక్కు. అమ్మవారికి పొట్టేలును బలి ఇచ్చేముందు దాని మీద పసుపు నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిల్చేదాకా ఎదురుచూసే ఆచారం తెలుగు పల్లెల్లో ఉంది. విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు, అదీ ఒప్పుకున్నట్టు. ఇది మన పల్లెల్లోనే పుట్టిన ఆలోచన కాదు. ప్రాచీన గ్రీకులూ బలిపశువు తల మీద నీళ్లు చల్లి, అది తల ఊపితే సమ్మతిగా తీసుకునేవారు. ఏథెన్స్‌లో బూఫోనియా అనే పండగలో ఇంకా ముందుకు వెళ్లారు. ఎద్దును నరికినవాడు గొడ్డలి పారేసి పరుగెత్తేవాడు. తర్వాత న్యాయవిచారణ జరిగేది. నీళ్లు తెచ్చినవాళ్లు పదును పెట్టినవాళ్ల మీద, పదును పెట్టినవాళ్లు ఆయుధం అందించినవాడి మీద, ఇలా ఒకరి మీద ఒకరు నేరం తోసుకుంటూ పోయి, చివరికి ఎద్దును కోసిన కత్తి మీద తోసేవారు. కత్తి నోరు విప్పి తనను సమర్థించుకోలేదు కనక దాన్ని దోషిగా తేల్చి సముద్రంలో పడేసేవారు.

రెండువేల ఏళ్ల కిందటి ఆ తంతులో ఒక గొప్ప నిజాయితీ ఉంది. ప్రాణం తీయడం చిన్న విషయం కాదని, ఎవరో ఒకరు దానికి జవాబుదారీ కావాలని ఆ సమాజానికి తెలుసు. ఆ భారాన్ని ఎవరి మీద పెట్టాలన్నదే వాళ్ల సమస్య. వాళ్లు కత్తి మీద పెట్టారు. మన సమాజం మనుషుల మీద పెట్టింది. మాంసం అందరికీ కావాలి, కోసేవాడి పక్కన ఇల్లు మాత్రం వద్దు. చెప్పులు, డప్పులు, బొక్కెనలు అందరూ వాడారు, తోలు ఒలిచినవాణ్ని ఊరి బయట ఉంచారు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చనిపోయిన ఆవు చర్మం ఒలుస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. ఆ తర్వాత అక్కడి దళితులు పశువుల కళేబరాలను ప్రభుత్వ కార్యాలయాల ముందు పడేసి, ఇక ఈ పని చేయబోమని ప్రకటించారు. జంతువు మీద ప్రేమ పేరుతో మనిషిని హింసించగలమని చరిత్ర ఎన్నోసార్లు చూపించింది. జర్మనీలో నాజీలు అధికారంలోకి వచ్చిన ఏడాదే, 1933 నవంబరులో, అప్పటికి ఐరోపాలోనే అత్యంత కఠినమైన చట్టాల్లో ఒకటనదగ్గ జంతు సంరక్షణ చట్టం తెచ్చారు. అదే పాలన 1942లో యూదులు పెంపుడు జంతువులను ఉంచుకోకూడదని నిషేధించింది. భాషాశాస్త్రవేత్త విక్టర్ క్లెంపరర్ దంపతులు తాము పెంచుకున్న పిల్లిని అప్పగించలేక డాక్టరు చేత చంపించుకోవాల్సి వచ్చింది. జంతువుల మీద కరుణ ఉన్నంతమాత్రాన మనిషి మంచివాడైపోడు. ఆ కరుణ ఎవరి పక్షాన నిలబడుతోంది, ఎవరి మీద కర్ర ఎత్తుతోందన్నది విడిగా చూసుకోవాల్సిందే.

గోదావరి జిల్లాల పందెం కోడి దగ్గరికి వస్తే ఈ చిక్కుముడి ఇంకా బిగుసుకుంటుంది. అక్కడ ప్రేమా హింసా ఒకే చేతిలో ఉంటాయి. పందెం కోడిని పెంచేవాళ్లు దానికి జీడిపప్పు, బాదం, కోడిగుడ్డు, మటన్ ఖీమా పెడతారు. ఈత కొట్టిస్తారు. వేడినీళ్లతో కాపడం పెడతారు. డేగ, కాకి, నెమలి అంటూ రంగుల్ని బట్టి పేర్లు, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం ఉన్నాయి. సొంత పిల్లల్లా చూసుకుంటామని వాళ్లు అంటే అందులో అబద్ధం లేదు. సంక్రాంతి మూడు రోజులూ అదే కోడి కాలికి కత్తి కట్టి బరిలోకి వదులుతారు. కొన్ని నిమిషాల్లో రెండింట్లో ఒకటి, కొన్నిసార్లు రెండూ నెత్తురోడి పడిపోతాయి. ఓడిన కోడి మాంసానికి ప్రత్యేకమైన గిరాకీ.

జంతువుల్ని పోరుకు ఉసిగొల్పడం, అందుకు చోటు ఏర్పాటు చేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పందేలు కాయడం ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద నేరం. వీటిని ఆపి తీరాలని 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఆదేశించింది. బరులు ఏటా వెలుస్తూనే ఉన్నాయి. సమర్థించేవాళ్ల మాట ఒక్కటే: ఇది మన సంప్రదాయం. పల్నాటి కాలం నుంచీ ఉందన్నది నిజమే. కానీ పందెం కోడిని అంత ప్రేమగా సాకిన చేతులు దాని కాలికి కత్తి కట్టకుండానూ ఉండగలవు. కత్తి కట్టేది కోడి మీద ప్రేమతో కాదు, దాని మీద కాసే డబ్బు కోసం. ఇక్కడ సంప్రదాయం అన్న మాట చేసే పని, ఫెస్టింగర్ ప్రయోగంలో 20 డాలర్లు చేసిన పనే. తన మనసుకు చెప్పుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది, అంతటితో లోపలి ప్రశ్న ఆగిపోతుంది.

ఇలాంటి కారణాలను జారెడ్ పియాజా బృందం 2015లో వర్గీకరించింది. మాంసం ఎందుకు తింటారంటే జనం చెప్పే జవాబుల్లో పదింట ఎనిమిదికి పైగా నాలుగే మాటల్లోకి వస్తాయి: ఇది సహజం, అందరూ చేసేదే, అవసరం, రుచిగా ఉంటుంది. ఇవన్నీ కట్టుకథలని కొట్టిపారేయడం తప్పు. రక్తహీనత ఇంతగా ఉన్న దేశంలో, బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు నిజంగానే అవసరం. అయితే ఈ నాలుగు మాటలూ తినడాన్ని సమర్థించడానికి పనికొస్తాయేమో గానీ, తినబోయే జంతువును బతికినన్నాళ్లూ ఎలా ఉంచాలన్న ప్రశ్నకు జవాబు కావు.

ఆ ప్రశ్న తెలుగు నేలకు చాలా దగ్గరిది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, వాటా దాదాపు అయిదో వంతు. తెలంగాణా ముందువరుసలోనే ఉంది. గుడ్ల ధర ప్రకటించే నెక్‌ను 1982లో నిలబెట్టిన డాక్టర్ బి.వి. రావు తెలుగువారే. గుడ్డును సామాన్యుడి అందుబాటులోకి తెచ్చిన ఘనత ఈ పరిశ్రమది, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. కానీ ఆ గుడ్డు పెట్టే కోడి చాలా ఫారాల్లో ఇనుప తీగల పంజరంలో ఉంటుంది. దానికి దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్క చాపలేదు, కాలితో మట్టి గీరలేదు, మట్టిలో పొర్లలేదు. కోడి పుట్టుకతో చేసే పనులు ఇవే. ఈ పంజరాల మీద నియమాలు కావాలని 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో సిఫారసు చేసింది. పెరట్లో తిరిగే నాటుకోడి గుడ్డుకు మనం ఎక్కువ ధర ఇస్తాం. అయితే అది రుచి కోసం, బలం కోసం. ఆ కోడి బతుకు బాగుందని ఎక్కువ ఇచ్చేవాళ్లు అరుదు.

అమెరికాలో ఈ విషయం మీద జరిగిన ఓట్లు చూస్తే జనం మనసు ఎంత చిత్రమైనదో తెలుస్తుంది. 2008లో కాలిఫోర్నియాలో, కోళ్లు, పందులు, దూడలు తిరగడానికీ కాళ్లూ రెక్కలూ చాచడానికీ చోటు ఉండాలన్న ప్రతిపాదనకు 63 శాతానికి పైగా ఓటర్లు మద్దతిచ్చారు. అప్పటికి దేశంలోని దుకాణాల్లో పంజరం లేని కోళ్ల గుడ్ల వాటా పదో వంతు కూడా లేదు. 2016లో మసాచుసెట్స్‌లో అలాంటి ప్రతిపాదనకే నూటికి 77 మందికి పైగా ఔనన్నారు. 2018లో ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం చేసిన సర్వేలో, కబేళాలను నిషేధించాలన్న మాటకు 47 శాతం అమెరికన్లు ఒప్పుకున్నారు. అమెరికాలో శాకాహారులు కొద్ది శాతమే. అంటే కబేళాలు వద్దన్నవాళ్లలో చాలామంది ఆ రాత్రి భోజనంలో మాంసమే తిని ఉంటారు.

వీళ్లను చూసి నవ్వడం తేలిక. దీని వెనకున్న సంగతి మాత్రం నవ్వదగ్గది కాదు. కొట్లో గుడ్ల అట్ట ముందు నిలబడ్డ మనిషి ఒంటరి. ఎక్కువ ధర తనొక్కడే కట్టాలి, పక్కవాడు చవకది కొనుక్కుపోతాడు, తనొక్కడు మారితే ఏ పంజరమూ తెరుచుకోదు. బ్యాలెట్ పత్రం ముందు నిలబడితే లెక్క వేరు. నియమం వస్తే అందరికీ వస్తుంది, భారం అందరూ పంచుకుంటారు. అందుకే అదే మనిషి అక్కడ ఔనంటాడు. కొనుగోలులో కనిపించని జాలి ఓటులో కనిపించిందంటే ఆ జాలి అబద్ధమని కాదు, దానికి తగిన చోటు అప్పుడు దొరికిందని. ఐరోపా సమాఖ్య 1999లో చేసిన చట్టంతో 2012 జనవరి 1 నుంచి ఖాళీలేని పాత పంజరాలు నిషేధమయ్యాయి. అక్కడి జనం గుడ్లు తినడం మానలేదు. కాలిఫోర్నియా 2018లో తెచ్చిన ఇంకా గట్టి చట్టాన్ని 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు నిలబెట్టింది. ప్రతిచోటా ఇలాగే జరగలేదు. 2022 సెప్టెంబరులో స్విట్జర్లాండ్ ఓటర్లలో దాదాపు 63 శాతం మంది, పారిశ్రామిక పశుపోషణకు స్వస్తి పలకాలన్న ప్రతిపాదనను తిరస్కరించారు. కానీ అడిగితేనే కదా జనం మనసులో ఏముందో తెలిసేది.

మన దగ్గర అడగడమే కష్టం. కోడిపందేల గురించి మాట్లాడితే "చికెన్ తింటావుగా?" అంటారు. చికెన్ గురించి మాట్లాడితే "పాలు తాగుతావుగా?" అంటారు. పాల గురించి మాట్లాడితే "చెప్పులు వేసుకుంటావుగా?" అంటారు. వీధికుక్కల గురించి అంటే "మనుషులు ఆకలితో ఉంటే కుక్కలా?" అని మొదలవుతుంది. ప్రశ్నలుగా వీటన్నిటికీ విలువ ఉంది. అయితే ఈ ప్రశ్నలు వేసేవాళ్లలో చాలామందికి జవాబు అక్కర్లేదు, ఎదుటివాడు ఊరుకుంటే చాలు. జూలియా మిన్సన్, బెనువా మోనిన్ 2012లో ప్రచురించిన పరిశోధనలో, శాకాహారులు తమను తక్కువగా చూస్తారేమోనని ఊహించుకున్న మాంసాహారులు ముందుగానే వాళ్లను మరింత తక్కువచేసి మాట్లాడారు. ఎదుటివాడి ప్రవర్తన మన లోపలి పేచీని లేపుతుంది. దాన్ని నిద్రపుచ్చడానికి సులువైన పద్ధతి, ఎదుటివాడిలో ఒక వైరుధ్యం వెతికి పట్టుకోవడం.

అన్ని విషయాల్లోనూ పొంతనగా ఉన్న మనిషే మాట్లాడాలంటే మాట్లాడేవాడు ఒక్కడూ మిగలడు. 1950లలో రాజ్యసభలో జంతు హింసకు వ్యతిరేకంగా రుక్మిణీదేవి అరుండేల్ ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇవ్వడంతో ఆమె ఆ బిల్లు వెనక్కి తీసుకున్నారు. అలా వచ్చిందే 1960 చట్టం. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టమూ మన మనసులాగే అతుకులబొంత. కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాతలు వేయడం నిర్ణీత పద్ధతిలో చేస్తే నేరం కాదంటుంది. ఆహారం కోసం చంపడాన్ని, అనవసరమైన బాధ పెట్టనంతవరకు, మినహాయిస్తుంది. మతాచారం ప్రకారం చంపడాన్నీ వదిలేస్తుంది. ఇన్ని మినహాయింపులున్నా దాని వల్ల మేలు జరిగింది. బరువుకు మించి బండి లాగించడం, గాయాలున్న పశువును పనిలో పెట్టడం, ఊపిరాడకుండా లారీలో కుక్కి తరలించడం తప్పని ఈ దేశంలో రాతపూర్వకంగా చెప్పింది ఆ అతుకుల చట్టమే. పూర్తి పొంతన కుదిరేదాకా ఆగి ఉంటే అదీ ఉండేది కాదు.

కనక చేయాల్సింది మన వైరుధ్యాలను దాచుకోవడం కాదు, వాటిని చూపించి నోరు మూయించడమూ కాదు. మటన్ తినేవాడు కోడికత్తిని వ్యతిరేకించవచ్చు. గుడ్డు తినేవాడు పంజరం పెద్దది చేయమని అడగవచ్చు. ఏనుగు కోసం ఏడ్చినవాళ్లు, పంట నష్టానికి సకాలంలో పరిహారం, సోలార్ కంచెలు ఇప్పించి నాటుబాంబుల అవసరం లేకుండా చేయమని అడగవచ్చు. అప్పుడు ఏనుగుకూ పందికీ రైతుకూ ముగ్గురికీ మేలు. వీటిలో ఏ ఒక్కదానికీ మనిషి ముందుగా మహాత్ముడు కానక్కర్లేదు.

1960 చట్టం 11వ సెక్షన్ కింద జంతువును హింసించినట్టు మొదటిసారి రుజువైతే పడే జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా. దశాబ్దాలు గడిచినా ఆ అంకెలు మారలేదు. దాన్ని పెంచుతూ కేంద్రం 2022 నవంబరులో ఒక ముసాయిదా విడుదల చేసి ప్రజల అభిప్రాయాలు అడిగింది. ఎన్నికలప్పుడు ఓటడగడానికి మీ వీధికి వచ్చే పార్లమెంటు అభ్యర్థిని ఆ ముసాయిదా ఏమైందని అడగండి. మీరు శాకాహారులా మాంసాహారులా అన్నది ఆ ప్రశ్నకు అడ్డు రాదు.